డ్రెస్సరు గారూ, నా కుడిచేతి బొటనవేలూ

మొన్న మంగళవారం పొద్దున్న లాకుల దగ్గర ఒక షావుకారు గారింట్లో సత్యనారాయణ వ్రతం చేయిస్తున్నాను. మూడో కథ నడుస్తోంది. పడవ సరంగు ఒకడు పరుగున వచ్చి గుమ్మం అవతలే నిలబడి, "పంతులుగారండి, డ్రెస్సరు గారు పోయారండి. తెల్లవారుజామునంట," అని చెప్పి, వచ్చినంత వేగంగానూ వెళ్లిపోయాడు.

నేను కథ ఆపలేదు. మధ్యలో ఆపకూడదు. అయితే మూడో కథ పూర్తిచేసి, మళ్లీ మూడో కథే మొదలుపెట్టానట. ఆ ఇంటావిడ మెల్లగా, "ఇది ఇందాక అయిపోయిందండి," అంది. "ఫరవాలేదమ్మా, రెండుసార్లు వింటే రెండింతలు పుణ్యం," అని సర్దేశాను. ముప్పై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నవాణ్ణి, అలాంటి సర్దుబాట్లు నాకు కొత్త కాదు. మంచినీళ్లు అడిగి తాగి, మిగిలిన కథలు ఎలాగో గట్టెక్కించాను.

పోయినాయన నాకు చుట్టం కాదు. నా కులం కాదు, మతమూ కాదు. మా ఊరి ధర్మాసుపత్రిలో కట్లు కట్టే డ్రెస్సరు. అయినా ఆయన గురించి నేనే రాయాలి. ఎందుకంటే ఈ నాలుగు ముక్కలు రాస్తున్న కలాన్ని పట్టుకున్న బొటనవేలు ఆయన దక్కించి ఇచ్చినది.

మా ఆస్పత్రి అంటే పెద్ద మేడేమీ కాదు. లాకుల పక్కన రెండు గదుల పెంకుటిల్లు. పెద్ద డాక్టరు రాజమండ్రి నుంచి పదిహేను రోజులకోసారి పడవలో వచ్చి చూసి వెళతాడు. తక్కిన రోజుల్లో జ్వరాలూ కడుపునొప్పులూ కాంపౌండరు చూసుకుంటాడు. దెబ్బలూ పుళ్లూ కాలిన గాయాలూ అన్నీ డ్రెస్సరు గారివే. కోతల్లో కొడవలి తెగినవాళ్లు, పడవ తాడు లాగి భుజాలు ఒరిసిపోయినవాళ్లు, ఊడ్పుల బురదలో నాని నాని కాలివేళ్ల సందులు పుళ్లు పడ్డవాళ్లు, పూతరేకులు తీస్తూ కుండ మీద చెయ్యి కాల్చుకున్న ఆత్రేయపురం ఆడవాళ్లు, అందరూ ఆ వరండాలోనే వరసగా కూర్చునేవారు.

ఆయన పొట్టిగా, గుండ్రంగా ఉండేవారు. నవ్వితే ముందు పొట్ట కదిలేది, తర్వాత నోరు తెరుచుకునేది. మాలపల్లెలో పుట్టి, మిషను బడిలో చదువుకుని, అక్కడి దొరసాని దగ్గర కట్లు కట్టడం నేర్చుకున్నారు. ఆదివారం చర్చిలో పాడే పాటల్ని మిగతా ఆరు రోజులూ ఆస్పత్రిలో సాగదీసేవారు. గొంతు బాగుండేది కాదు. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు గానీ, ఆ గొంతు గురించి మంచి చెప్పడం నా వల్ల కాదు.

ఆయనకో వింత అలవాటుండేది. మనిషిని పలకరించేవారు కాదు, పుండుని పలకరించేవారు. కట్టు విప్పి, తల వంచి, "ఏంటమ్మా, రాత్రి నిద్రపట్టిందా? నిన్న అంత కోపంగా ఉన్నావు," అనేవారు. ఎదురుగా ఉన్నవాడు తననే అడిగారనుకుని, "పట్టిందండి," అంటే, "నిన్ను కాదయ్యా, దాన్ని అడిగాను. నువ్వు అబద్ధం చెప్తావు, అది చెప్పదు," అనేవారు.

ఇంకో అలవాటు, ఎవరింటి ముందునుంచి వెళ్లినా "పాత పంచె ఉందాండి?" అని అడగడం. ఆస్పత్రికి రాజమండ్రి నుంచి వచ్చే మందుగుడ్డ, లింటు అంటారు దాన్ని, పది రోజులకే అయిపోయేది. మిగతా రోజులన్నీ ఊళ్లో పాత పంచెలతోనే నడిపేవారు. కొత్తది ఇస్తామన్నా పుచ్చుకునేవారు కాదు. "కొత్తదానికి గంజి పొగరండి. నీళ్లు తాగదు," అనేవారు. ఇచ్చిన పంచె మీద అక్కడికక్కడే వేలితో ఒక నీటిబొట్టు వేసి చూసేవారు. బొట్టు చటుక్కున ఇంకిపోతే పొట్ట కదిలేది. ఇంకకపోతే దండం పెట్టి తిరిగి ఇచ్చేసేవారు. మొదట్లో మా అగ్రహారంలో ఇదేదో క్రైస్తవుల శాస్త్రం అనుకునేవాళ్లం.

ఇక నా సంగతి. గోదావరి మీద రైలువంతెన కడుతున్న రోజులవి. పాలకొల్లు దగ్గర ఒక పల్లెలో గృహప్రవేశం చేయించడానికి వెళ్లాను. గుమ్మం ముందు కొబ్బరికాయ కొట్టాను. వేల కాయలు కొట్టిన చెయ్యి. ఆ రోజు కాయ పగలడం బాగానే పగిలింది, చిప్ప అంచు మాత్రం నా కుడి బొటనవేలి మొదట్లో లోతుగా దిగింది. రక్తం ధారగా కారింది. శుభకార్యం, గుమ్మంలో రక్తమేమిటని నేనే గాభరా పడి, గాయంలో ఇంత పసుపు కూరి, ఉత్తరీయం చుట్టి, కార్యక్రమం కానిచ్చేశాను.

ఇంటికొచ్చాక గాయానికి ఏం కట్టాలన్న ప్రశ్న వచ్చింది. ఇక్కడ చేశాను నా తెలివితక్కువ పని. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. మా ఇళ్లలో మడి అంటే నూలుబట్టని తడిపి, ఎవరూ తాకకుండా ఆరేసి, మర్నాడు అదే కట్టుకోవాలి. పట్టుబట్టకి ఆ తతంగం లేదు. పట్టు ఎప్పుడూ మడే. తడపకపోయినా మడే, ఉతక్కపోయినా మడే. కాబట్టి ఇంట్లో ఉన్న గుడ్డలన్నిటిలోకీ శుద్ధమైనది ఏది? నా పట్టుపంచె. మా పెళ్లినాటిది. పన్నెండేళ్లుగా హోమాల పొగ, ఒలికిన నెయ్యి, వేసవి తద్దినాల చెమట, అన్నీ తాగి బరువెక్కి ఉంది. దాని మీద నీళ్లు పడిన రోజు నాకైతే గుర్తులేదు.

దాని అంచు చింపుతుంటే మా ఆవిడ, "పోనీ ఉతికిన నూలు పంచె కట్టకూడదూ?" అంది.

"నీకు తెలీదు, ఊరుకో," అన్నాను. పౌరోహిత్యం చేసే మొగుళ్లందరూ పెళ్లాలతో అనే మాటే.

వారం తిరిగేసరికి చెయ్యి మణికట్టు దాకా వాచింది. కట్టు దగ్గర వాసన. సంధ్యావందనానికి నీళ్లు పట్టలేకపోయాను. అప్పుడు ఆస్పత్రికి వెళ్లాను, అది కూడా మా ఆవిడ పోరు పడలేక. అప్పట్లో నేనాయన్ని "ఏమోయ్ డ్రెస్సరూ" అనేవాణ్ణి. వయసులో నాకంటే పదేళ్లు పెద్ద. రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాయకపోతే ఈ రాతకి అర్థం లేదు.

వరండా మెట్టెక్కుతుండగానే ఆయన చెయ్యెత్తి ఆపారు. "ఉండండి పంతులుగారూ, ముందు ముక్కుని చూడనివ్వండి," అని రెండుసార్లు గాలి పీల్చారు. పాట ఆగింది. బల్ల మీద నా చెయ్యి పెట్టించి, పైన చుట్టినది చూసి, "ఏంటమ్మా, పట్టుబట్టలు కట్టుకుని పెళ్లికి బయల్దేరావా?" అన్నారు పుండుతో.

నాకు ఒళ్లు మండింది. "అది మడిబట్టోయ్," అన్నాను.

ఆయన కాచి గోరువెచ్చగా చల్లార్చిన నీళ్లు పోసి, కట్టుని అరగంట నాననిచ్చారు. లాగలేదు. నానిన తర్వాత అదే ఊడి వచ్చింది. పక్కన పెట్టి, దాని పొడి కొస మీద ఒక నీటిబొట్టు వేశారు. బొట్టు కదలకుండా అలాగే కూర్చుంది. పక్కనే ఒక పాత నూలుపీలిక మీద ఇంకో బొట్టు వేశారు. కన్ను మూసి తెరిచేలోగా ఇంకిపోయింది.

"చూశారాండి? పుండు వారం రోజులుగా ఏడుస్తోంది. మీరేమో కన్నీళ్లు తుడవని గుడ్డ పెట్టారు. ఆ చీము అంతా లోపలే ఉండి లోపలికే తినేస్తోంది. పైగా దానికున్న నెయ్యీ మసీ కూడా అందులోకే దిగాయి."

గాయం అంచులు నల్లబడి ఉన్నాయి. ఆయన చాలాసేపు చూశారు. తర్వాత మొదటిసారి నా మొహంలోకి చూసి మాట్లాడారు. "పంతులుగారూ, పెద్ద డాక్టరు గారు వచ్చే శుక్రవారం వస్తారండి. ఈ నలుపు ఇలాగే పైకి పాకితే ఆయన బొటనవేలు తీసేస్తారు. తీస్తేనే చెయ్యి దక్కుతుంది. మనకి ఎనిమిది రోజులున్నాయి."

బొటనవేలు పోతే ఏమవుతుందో ఆయనకి నేను చెప్పలేదు, కానీ నాకు బాగా తెలుసు. అంగలోపం ఉన్నవాడు పౌరోహిత్యానికి పనికిరాడు. ఆ మాట చెప్పి నేనే ఒకసారి, రెండు వేళ్లు లేని ఒక పెద్దాయన్ని తద్దినం భోజనానికి కూర్చోబెట్టకుండా పంపేశాను. ఆయన వీధి మలుపు దాకా వెనక్కి తిరిగి చూస్తూ వెళ్లడం ఆ వరండాలో నాకు గుర్తొచ్చింది. నాకు వేరే పని రాదు. పొలం లేదు. మంత్రం ఒక్కటే వచ్చు, దానికి చెయ్యి కావాలి.

రోజూ పొద్దున్నే వచ్చి కట్టు మార్పించుకోమన్నారు. వెళ్లాను. బుద్ధిగా కూర్చున్నాను. అయితే ఆయన నన్ను ముట్టుకున్నారు కదా. కట్టు కట్టించుకుని, తిన్నగా కాలవ రేవుకి పోయి, కట్టుతో సహా మూడు మునకలు వేసి, తడిబట్టలతో ఇంటికి పోయేవాణ్ణి. మొదటి రోజు అలాగే. రెండో రోజూ అలాగే.

"కట్టు తడిగా ఉందేంటండీ?" అని రెండో రోజు అడిగారు.

"చెమట," అన్నాను.

మూడో రోజు కట్టు విప్పుతూ ఆయన ఆగిపోయారు. లోపలి మడతలోంచి పటకారుతో సన్నటి పచ్చటి పోగు ఒకటి బయటికి లాగి, వెలుతురులో పట్టుకుని చూశారు. "పంతులుగారూ, మీ చెమటలో నాచు పెరుగుతోందండీ!"

వరండాలో ఉన్నవాళ్లంతా నవ్వారు. కాలు విరిగిన వాడొకడు నవ్వలేక నవ్వి, అమ్మో అని మూలిగాడు. ఆయన పొట్ట అయితే ఎంతసేపటికీ ఆగలేదు. నేను లేచి నిలబడి, "నా ఆచారం నాది," అన్నాను.

"మీ ఆచారం మీదేనండి. పుండు మాత్రం నాది," అన్నారు ఆయన, కళ్లు తుడుచుకుంటూ. ఆ తర్వాత నవ్వు లేదు. "నన్ను ముట్టుకుంటే మీకు స్నానం కావాలి. దానికేమో కాలవనీళ్లు విషం. ఇద్దరికీ నేనే అడ్డమైతే, నేనే తప్పుకుంటానండి."

చెయ్యి వదిలేస్తానంటున్నాడని భయపడ్డాను. కానీ ఆ సాయంత్రం ఆయన మా ఇంటికొచ్చారు. వీధరుగు చివర, మా వాకిలికి పది అడుగుల దూరంలో కూర్చుని, "అమ్మగారూ, ఒకసారి ఇలా వస్తారాండీ?" అని మా ఆవిడని పిలిచారు. ఆవిడ తలుపు వారగా నిలబడింది.

"అమ్మగారూ, మడిబట్ట ఎలా ఆరేస్తారండి?"

"తడిపి, పిండి, దండెం మీద కర్రతో వేస్తాం."

"ఎవరైనా తాకితే?"

"మళ్లీ తడపాలి."

"ఇదిగోనండి, కట్టుగుడ్డకీ అంతే. అయితే మేం తడిపి ఊరుకోమండి, కుండలో వేసి అన్నం ఉడికినంతసేపు ఉడకబెడతాం. చేత్తో తియ్యం, పటకారుతో తీస్తాం. ఎండలో ఆరేసి ఈగ వాలకుండా కాపలా కాస్తాం. మీ మడి కంటే మాది ఒక మెట్టు ఎక్కువండి," అని నావైపు ఓరగా చూశారు. "పంతులుగారు ఊ అంటే, రేపట్నుంచి కట్టు మీరే కట్టండి. నేనిక్కడ కూర్చుని చెప్తాను. నేను ముట్టుకోను, ఆయన మునగరు."

నేను ఏదో అనబోయాను. మా ఆవిడ పది రోజుల తర్వాత మొదటిసారి నవ్వింది. "అలాగేనండి డ్రెస్సరు గారూ," అంది. మా ఇంట్లోంచి ఆయనకి 'గారు' అన్న మాట మొదట దక్కింది ఆవిడ నోటినుంచే.

అలా మా వీధరుగు ఆస్పత్రయింది. పొద్దున్న ఒకసారి, ఆస్పత్రి మూసేశాక ఒకసారి ఆయన వచ్చి అరుగు చివర కూర్చునేవారు. చేతికర్రతో గాలిలో చూపిస్తూ, "ఇంకో మడత వెయ్యండి. ఆఁ, అంతే. వేళ్లకొసలు నొక్కి చూడండి, తెల్లబడి మళ్లీ ఎర్రబడ్డాయా? అయితే బిగువు సరిపోయింది. కట్టంటే మూట కాదండి, రక్తానికి దారుండాలి," అని చెప్తుంటే మా ఆవిడ చేసేది. నేను మధ్యలో విగ్రహంలా కూర్చునేవాణ్ణి. నన్నెవరూ ఏమీ అడిగేవారు కాదు.

మొదటి రెండు రోజులు పాత పంచె మందంగా మడతలు పెట్టి వేయించారు. చీము కారుతున్నన్నాళ్లు అది తాగే గుడ్డే కావాలట. తడిసిన వెంటనే మార్చాలి, మార్చిన గుడ్డ కాల్చెయ్యాలి. నేను ఒకసారి మధ్యాహ్నం ఎలా ఉందో చూద్దామని కట్టు కొస ఎత్తాను. సాయంత్రం ఆయన అరుగెక్కుతూనే కనిపెట్టేశారు. "ఉడుకుతున్న అన్నం మూత మాటిమాటికీ తీస్తారాండి అమ్మగారూ? తీస్తే ఉడుకుతుందా?" అని ఆవిడని అడిగారు. ఆవిడ నావైపు చూసిన చూపు నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

ఆరో రోజుకి నలుపు ఆగింది, కానీ నాకు జ్వరం వచ్చింది. బొటనవేలి కింద మెత్తగా ఉబ్బింది. ఆయన దూరం నుంచి చూసి కర్ర కింద పెట్టేశారు. "లోపల సంచి కట్టిందండి. పైన ఎన్ని మంచి గుడ్డలు వేసినా లాభం లేదు. తెరిచి వదలాలి." ఉడకబెట్టిన చిన్న కత్తి ఒకటి మా ఆవిడకి పళ్లెంలో అందించారు. ఆవిడ పటకారుతో తీసుకుంది. తీసుకుని నా చేతి దాకా తెచ్చింది. వెనక్కి తీసుకుంది. మళ్లీ తెచ్చింది. మళ్లీ వెనక్కి తీసుకుంది. "నా వల్ల కాదండీ," అని ఏడ్చేసింది.

వీధిలో అటూ ఇటూ మావాళ్లే. రెండు అరుగుల అవతల మా పెదనాన్నగారు తమలపాకులు తుడుచుకుంటూ అంతా చూస్తున్నారు. ఆస్పత్రిలో ఎవరు ముట్టుకున్నా అది ఆస్పత్రి. ఇక్కడ, నా ఇంటి గుమ్మంలో, సాక్షుల ముందు. నేను ఒక్క నిమిషం ఆలోచించానని చెప్పుకుంటే గొప్పగా ఉంటుంది గానీ, నిజానికి నేను ఆలోచించలేదు. భయమేసింది. చెయ్యి చాపి, "మీరే చెయ్యండి డ్రెస్సరు గారూ," అన్నాను.

ఆయన లేవడానికి కొంచెం సేపు పట్టింది. మా ఆవిడ పోసిన వేడినీళ్లతో, తన సీసాలోని ఘాటైన మందునీళ్లతో మోచేతుల దాకా కడుక్కున్నారు. గోళ్లు కూడా కడిగారు, కడగడానికి ఆయనకి గోళ్లెక్కడివి, చర్మం దాకా కత్తిరించి ఉండేవి. వచ్చి నా పక్కనే కూర్చుని, నా చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని, "ఏంటమ్మా, భయపడుతున్నావా?" అన్నారు. పుండునే అడిగారు. నేనే తల ఊపాను.

అయిపోయాక నేను అలవాటు కొద్దీ లేచి, రేవుకి బయల్దేరాను. మా ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. పన్నెండేళ్లలో నా దారికి అడ్డం రాని మనిషి. "ఎక్కడికి? ఆ చెయ్యి నీళ్లలో పెడితే నేను పుట్టింటికి పోతాను. కూర్చోండి. ఇవాళ్టికి ఆ కట్టుకి ఉన్న మడి చాలు ఇంటిల్లిపాదికీ," అంది. కూర్చున్నాను. ఆ రాత్రి స్నానం లేకుండా అన్నం తిన్నాను. రుచిలో తేడా ఏమీ తెలియలేదు.

శుక్రవారం పెద్ద డాక్టరు వచ్చాడు. కత్తుల పెట్టె బల్లమీద పెట్టించి, కట్టు విప్పమన్నాడు. అటు తిప్పి ఇటు తిప్పి చూసి, ఇంగ్లీషులో రెండు మాటలన్నాడు, అంతే, పెట్టె మూయించేశాడు. ఏమన్నారని అడిగితే డ్రెస్సరు గారు చాలాసేపు అనువాదం చేశారు. వేలు ఉంటుందన్నారట, పుండు శుభ్రంగా ఉందన్నారట, కట్టిన చెయ్యి చాలా మంచి చెయ్యి అన్నారట, అది ఎవరిదని అడిగితే అమ్మగారిదని తను చెప్పారట, పట్టుబట్ట ఎవరూ వాడకూడదని ప్రత్యేకంగా చెప్పమన్నారట. రెండు మాటల్లో అంత ఇంగ్లీషు ఎలా పట్టిందో నాకైతే తెలియదు.

కొత్త కండ ఎర్రగా పూడుకొస్తున్నప్పుడు ఆయన పాత పంచె మానిపించేశారు. లేత అరిటాకు కోయించి, కాచిన నీళ్లతో కడిగించి, ఆవిరి మీద వాడ్చి, కాచి చల్లార్చిన నూనె రాసి గాయం మీద పరిపించారు. "ఇప్పుడు గుడ్డ వేస్తే కొత్త కండ దానికి అంటుకుంటుందండి. రేపు మనం లాగితే మొదటికే వస్తుంది. ఆకైతే అంటుకోదు," అన్నారు. "నిన్న నప్పింది కదా," అని మా ఆవిడ అడిగితే, "పుండు రోజుకో మనిషండి అమ్మగారూ. ఇవాళ ఎవరొచ్చారో చూసి పీట వెయ్యాలి," అన్నారు. నెల తిరిగేసరికి కట్టే అక్కర్లేకపోయింది.

పెదనాన్నగారు నాకు ప్రాయశ్చిత్తం విధించారు. చేసుకున్నాను, సంతోషంగానే. మరో మూడు నెలలకి ఆయన పాదంలో తాటి ముల్లు దిగి పుండు పడింది. డ్రెస్సరుని గుమ్మమెక్కనివ్వనన్నారు. మా ఆవిడ వెళ్లి కట్టు కట్టింది. ఆయన కళ్లు మూసుకుని, "ఇవాళ గుడ్డా, ఆకా? అతన్ని అడిగే వేస్తున్నావు కదా?" అని రోజూ గొణిగేవారట.

ఆ తర్వాత పదేళ్లు మా స్నేహం సాగింది. స్నేహమంటే పెద్దగా మాటలేమీ ఉండేవి కావు. నాకు దానాల్లో కొత్త పంచెలు వస్తాయి. ఒక్కోటి రాగానే ఒక పాతది తీసుకెళ్లి ఆస్పత్రి వరండాలో ఇచ్చేవాణ్ణి. కృతజ్ఞతగా ఇంకేది ఇవ్వబోయినా పుచ్చుకోలేదు. ఆ పంచె మీద కూడా నీటిబొట్టు వేసి చూసేవారు. నా కళ్లముందే! "నమ్మకం లేదా నామీద?" అంటే, "మీమీద ఉందండి, పంచె మీదే లేదు," అనేవారు. మీ పాట మాత్రం ఏ గుడ్డా తాగలేదు అని నేను అనేవాణ్ణి. పొట్ట కదిలేది.

బుధవారం పొద్దున్న ఖననం. చర్చి వెనక, కాలవ గట్టు కింద వాళ్ల సమాధుల తోట. "నేనూ వస్తాను," అని మా ఆవిడ కొంగు బిగించి బయల్దేరింది. సన్నగా వాన పడుతోంది. ఊళ్లో సగం మంది అక్కడే ఉన్నారు, అరవై పల్లెల పడవవాళ్లు రేవులో పడవలు కట్టేసి వచ్చారు. పాస్టరు గారు ప్రార్థన చేశారు. నేను బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చావులకి మంత్రాలు చెప్తున్నవాణ్ణి, అక్కడ నాకు చెప్పడానికి ఒక్క ముక్క లేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

తర్వాత ఒక్కొక్కరూ వెళ్లి గోతిలో మట్టి వెయ్యడం వాళ్ల పద్ధతి. వానకి మా నల్లరేగడి మట్టి చారెడు తీయబోతే రావడం లేదు, బాగా పిడికిలి బిగిస్తే తప్ప ఊడి రాదు. ఊడి వచ్చింది ముద్దగానే పడుతుంది. సరంగు వేశాడు. కొడవలి తెగిన చేతుల వాళ్లు వేశారు. కుండ మీద కాలిన చేతుల ఆడవాళ్లు వేశారు. మా ఆవిడ వేసింది. నా వంతు వచ్చింది. వంగి నాలుగు వేళ్లూ మట్టిలో దింపాను, రాలేదు. బొటనవేలు గట్టిగా అదిమి పట్టి లాగితే వచ్చింది.

వేశాను. శవపెట్టె మీద అప్పటికే అన్ని చేతుల అచ్చులతోనూ ముద్దలున్నాయి. నాది వాటి పక్కన పడి, ఒరిగి, బొటనవేలు దిగిన గుంట పైకి వచ్చేలా ఆగింది. నేను చూస్తుండగానే దాంట్లోకి వాననీళ్లు చేరాయి.